ఒంటి గేరు సైకిల్‌కు మూడు గేర్ల హబ్ – 4వ పాఠం: ఇరుసు కదలకుండా

పోయిన పాఠంలో హబ్‌కు (చక్రం మధ్యలో ఉండే, లోపల గేర్లున్న భాగం) రిమ్ము కట్టి చక్రం వంకర తీశాం. ఈసారి దాన్ని ఫ్రేములో కూర్చోబెడదాం.

ముందు పళ్ల లెక్క. మా పర్లాకిమిడి నుంచి పాతపట్నం వైపు తొక్కడం తేలికే. ఆర్. ఉదయగిరి వైపు తిరిగితే మాత్రం కొండ ఎక్కాలి, అదీ వెనక బస్తాతో. నా సైకిల్‌కు ముందు 44 పళ్లు, వెనక 18. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. మీ పళ్లు మీరే లెక్కపెట్టుకోండి.

నేను వేసే స్టర్మీ ఆర్చర్ కంపెనీ హబ్‌లో రెండో గేరు నేరుగా నడుస్తుంది, అంటే చక్రం చుట్లు మారవు. ఒకటో గేరులో ఆ చుట్లు నాలుగో వంతు తగ్గుతాయి, మూడో గేరులో మూడో వంతు పెరుగుతాయి. వెనక 18 పళ్లే వేస్తే మూడో గేరు 3.26 అవుతుంది. బస్తాతో అది తొక్కడం మోకాళ్లకు శిక్ష. అందుకే 22 వేశాను. ఇప్పుడు 1.5, 2, 2.67. మూడోది పాత గేరు కంటే కాస్త బరువు, ఒకటోది ఎంతో హాయి. వెనక ఇంకా పెద్దది వేస్తే హబ్ లోపల పడే బలం పెరుగుతుంది, ఇక్కడే ఆగండి.

నాలుగు పళ్లు పెరిగాయి కాబట్టి చైను ఒక అంగుళం ఎక్కువ పడుతుంది. ఇరుసు కూర్చునే ఫ్రేము గాడిలో చోటుంటే చక్రాన్ని అర అంగుళం ముందుకు జరిపితే సరిపోతుంది.

ఇక అసలు పని. ఈ కంపెనీ ఏడబ్ల్యూ రకం హబ్ విప్పి చూస్తే ఇరుసు మీదే 20 పళ్లు ఉంటాయి. చుట్టూ ఉన్న వలయానికి లోపలివైపు 60. ఈ రెంటి మధ్య నాలుగు చిన్న చక్రాలు. ఆ 20 పళ్లు కదలకుండా నిలబడితేనే గేరు పని చేస్తుంది. ఒకటో గేరులో తొక్కినప్పుడు ఇరుసు వెనక్కి, మూడో గేరులో ముందుకు తిరగబోతుంది. మామూలు ఫ్రీవీల్ చక్రానికి ఈ బాధే లేదు, అందుకే మన షాపుల్లో చాలామందికి ఇది కొత్త.

ఇరుసుకు రెండు పక్కలా చదునుగా చెక్కి ఉంటుంది. దాని మీద నాలుక ఉన్న వాషర్ ఎక్కించి, ఆ నాలుకను ఫ్రేము గాడిలోకి దించాలి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. మొదటిసారి నేను మామూలు వాషర్లు వేసి నట్లు గట్టిగా బిగించాను. మూడో రోజు ఎక్కుడులో ఇరుసు తిరిగి, గేరు లాగే సన్న గొలుసు మెలిపడి తెగింది. బస్తాతో సైకిల్ నెట్టుకుంటూ దిగాను. నట్టు ఎంత బిగించినా నాలుక చేసే పని చెయ్యదు.

గాడి ఇరుకైతే ఆకురాయితో నాలుకనే కొద్దిగా రాయండి, ఫ్రేమును రాయొద్దు.

బిగించాక ఇరుసు చివర నుంచి ఫ్రేము దాకా సుద్దముక్కతో ఒక గీత గీయండి. కేబులు ఇంకా లేదు కాబట్టి సన్న గొలుసును చేత్తో పూర్తిగా లాగి ఒకటో గేరు వేసి, వెనక బ్రేకు పట్టి, పెడల్ మీద బరువంతా మోపండి. గొలుసు వదిలేస్తే మూడో గేరు, అందులోనూ అలాగే చెయ్యండి. గీత విరిగినట్టు కనిపిస్తే నట్లు విప్పి నాలుక కూర్చుందో లేదో చూడండి. గీత తిన్నగా ఉంటే వచ్చే పాఠంలో కేబులు కడదాం.