అమెరికాలో ప్రొబేషన్ మరో రాష్ట్రానికి బదిలీ కావడం లేదా? ఎక్కడ ఆగిందో చూడండి

ప్రొబేషన్‌లో (నేరానికి జైలుకు బదులు ఆఫీసర్ పర్యవేక్షణలో ఉండే శిక్షలో) ఉన్నవారు మరో రాష్ట్రానికి మకాం మార్చే దారి ఇంటర్‌స్టేట్ కాంపాక్ట్ అనే ఒప్పందం. 50 రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. దరఖాస్తు పంపాల్సింది మీ ప్రస్తుత ప్రొబేషన్ ఆఫీసరే. కొత్త ఊరి ఆఫీసుకు మీరు ఎన్నిసార్లు ఫోను చేసినా పని మొదలవదు.

సమస్య: వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది, బదిలీకి ఒప్పుకోలేదు

మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. మీకు మీరుగా వెతుక్కున్న కొత్త ఉద్యోగం ఒక్కటే చూపితే, అవతలి రాష్ట్రం తప్పనిసరిగా ఒప్పుకోవాలన్న నియమం లేదు. ఇప్పుడు పూర్తికాలం పనిచేస్తున్న కంపెనీయే మిమ్మల్ని అక్కడికి మారుస్తూ, వెళ్లకపోతే ఉద్యోగం ఉండదని చెబితే అది వేరే సంగతి. హెచ్-1బీ మీద ఉండి, ప్రాజెక్టు న్యూజెర్సీ నుంచి టెక్సస్‌కు మారినవారు కంపెనీ ఉత్తరంలో సరిగ్గా ఈ మాటే ఉండేలా చూసుకోవాలి. 'టెక్సస్‌లో పనిచేస్తారు' అని మాత్రమే రాస్తే చాలదు. ఈ ఆధారం లేనివారి దరఖాస్తును కూడా ఆఫీసర్ పంపవచ్చు. అయితే అది అవతలి రాష్ట్రం ఇష్టం మీద ఆధారపడుతుంది. అందుకే ఆ ఊరే ఎందుకో వివరంగా రాయించండి.

సమస్య: బావమరిది ఇంట్లో ఉంటానంటే కుదరదన్నారు

బంధువుల ఆధారంగా బదిలీ కోరితే, నియమాల్లోని బంధువుల జాబితా చిన్నది: తల్లిదండ్రులు, తాత, అమ్మమ్మ, నానమ్మ, మేనమామ, మేనత్త, బాబాయి, పిన్ని వంటివారు, భార్య లేదా భర్త, వయసొచ్చిన పిల్లలు, తోబుట్టువులు, సవతి తల్లి లేదా తండ్రి, చట్టబద్ధ సంరక్షకులు. బావమరిది, పెదనాన్న కొడుకు, స్నేహితుడు ఇందులో లేరు. జాబితాలోని బంధువు కూడా దరఖాస్తు నాటికి 180 రోజులుగా అక్కడే నివసిస్తూ, సాయం చేస్తానని ముందుకు రావాలి. మీకు ఉద్యోగం దొరికే అవకాశమో, బతకడానికి వేరే ఆధారమో ఉండాలి. అక్క అదే రాష్ట్రంలో ఉంటే, బావ పేరు కాదు, అక్క పేరు ఇవ్వండి.

సమస్య: మీ కేసు కాంపాక్ట్ కిందికి రాదంటున్నారు

ప్రొబేషన్ ఇంకా 90 రోజులకు మించి మిగిలి ఉండాలి. మిస్‌డిమీనర్ (తక్కువ తీవ్రత గల నేరం) అయితే ఏడాది లేదా అంతకు మించిన పర్యవేక్షణతో పాటు, నేరం కొన్ని రకాల్లో ఒకటై ఉండాలి. తాగి వాహనం నడిపిన కేసు రెండోదో, ఆ తర్వాతదో అయితేనే అందులోకి వస్తుంది. మొదటి కేసయితే మకాం మార్చే ముందు స్థానిక కోర్టు లేదా ఆఫీసర్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

సమస్య: నెల దాటినా జవాబు లేదు

అవతలి రాష్ట్రానికి విచారణకు 45 రోజుల గడువుంది. అంతవరకు వెళ్లిపోవద్దు. శిక్ష పడేనాటికే అక్కడ నివసిస్తున్నవారైతే, అక్కడ ఎప్పుడు, ఎక్కడ హాజరవాలో తెలిపే సూచనలను అవతలి రాష్ట్రం నుంచి వెంటనే అడగమని మీ ఆఫీసర్‌ను కోరవచ్చు. అంగీకారం వచ్చాక కూడా ఆలస్యం చేయకండి, అది 120 రోజులే చెల్లుతుంది.

సమస్య: అనుమతి రాకముందే వెళ్లిపోయాను

ఇది అన్నిటికన్నా ప్రమాదకరం, వారంట్ రావచ్చు. ఈ రోజే లాయరుతో మాట్లాడి, ఆయన ద్వారా ఆఫీసర్‌కు తెలియజేసి, వెనక్కి రమ్మంటే రండి.

అమెరికా పౌరులు కానివారు మారిన చిరునామాను ఇమిగ్రేషన్ శాఖకు 10 రోజుల్లో ఏఆర్-11 ఫారం ద్వారా విడిగా తెలపాలి. ప్రొబేషన్ ఆఫీసుకు చెప్పినంత మాత్రాన ఆ పని పూర్తికాదు.