పక్క సీటు ఫోను మోత: పేచీ లేకుండా తగ్గించుకునే పద్ధతి

ఒకే హాలులో పాతిక మంది కూర్చునే ఆఫీసులో ఫోను మోత గురించి నోరు విప్పే ముందు, మనకు అడ్డు తగులుతున్నది గొంతా, రింగ్‌టోనా, స్పీకరులో మోగే వీడియోనా అన్నది తేల్చుకోవాలి. ఈ మూడింటికీ విరుగుడు వేరు. "కాస్త గోల తగ్గించండి" అని గంపగుత్తగా అంటే ఎదుటివారికి నింద మాత్రమే వినిపిస్తుంది తప్ప ఏం చేయాలో తెలియదు.

ముందు గొంతు సంగతి. చుట్టూ సందడి ఉంటే మనిషి తనకు తెలియకుండానే స్వరం పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్డ్ 1911లోనే వివరించాడు కనుక, ఒకరు గట్టిగా మాట్లాడడం మొదలుపెడితే హాలంతా అదే దారి పడుతుంది. ఇద్దరు పక్కన నిలబడి మాట్లాడుకుంటే అంతగా పట్టించుకోని మనం, ఫోనులో ఒక్కరి మాటలే వినబడితే మాత్రం పని మీద దృష్టి నిలపలేకపోతాం. అవతలివారు ఏమంటున్నారో తెలియక, తర్వాతి మాట కోసం చెవి ఎదురుచూస్తూనే ఉండడం దీనికి కారణమని 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వివరించారు. కాబట్టి స్వరం తగ్గించమనడం కంటే, పొడుగాటి కాల్స్‌ను వరండాలోకో మెట్ల దగ్గరికో తీసుకెళ్లమని అడగడమే మేలు.

అడగడానికీ ఒక వేళ ఉంది. కాల్ నడుస్తుండగా సైగలు చేయడం, నలుగురిలో అనడం రెండూ చెడగొట్టే పనులే. టీ వేళ ఒంటరిగా దొరికినప్పుడు, "సార్, పదకొండు నుంచి పన్నెండు దాకా బిల్లులు సరిచూస్తుంటాను, మీ కాల్ వస్తే అంకె తప్పుతోంది, ఆ గంట కాస్త బయట మాట్లాడగలరా?" అని వేళ, పని, కోరిక మూడూ కలిపి చెప్పాలి. ఇంటి గొడవలు హాలంతా వినబడేలా మాట్లాడే మేడమ్‌కైతే, "మీ మాటలు మా వరుస దాకా వినిపిస్తున్నాయండీ" అంటే చాలు. మిగతాది ఆవిడే చూసుకుంటారు.

ఫోను మోతలో సగం సెట్టింగుల పుణ్యమే. సైలెంట్‌లో పెట్టాను కదా అనుకునేవారి ఫోనులోనూ రీల్స్ మోగుతాయి, ఎందుకంటే మీడియా వాల్యూమ్ వేరు, రింగ్ వాల్యూమ్ వేరు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ను ప్లే చేసి ఫోను చెవికి ఆనిస్తే స్పీకరు ఆగి, చెవిలోనే వినిపిస్తుంది. ఇది తెలియనివారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. చెక్క బల్ల మీద వైబ్రేషన్ రింగుకు తీసిపోదు కనుక కింద ఒక నోటుపుస్తకం పెట్టాలి. అసలు చిక్కు, భోజనానికి వెళ్తూ బల్ల మీద వదిలేసిన ఫోను భక్తిగీతమంతా పాడి, ఆగి, మళ్లీ మొదలుపెట్టడం. "ఇంటి నుంచి అర్జంటు కాల్ వస్తే?" అన్న భయమే చాలామందిని సైలెంట్‌కు దూరంగా ఉంచుతుంది. డూ నాట్ డిస్టర్బ్‌లో పిల్లల బడి, పెద్దవాళ్ల నంబర్లకు మినహాయింపు ఇవ్వవచ్చని పక్కన కూర్చుని చేసి చూపిస్తే ఆ భయం తీరుతుంది.

రెండుసార్లు చెప్పినా మారకపోతే పై అధికారికి రాయడంలో తప్పులేదు. ఆయనే స్పీకరులో మాట్లాడే మనిషైతే మాత్రం ఫిర్యాదు ఊసెత్తకుండా, ఏ పనికి ఏ వేళల్లో నిశ్శబ్దం కావాలో రాసి, సీటు మార్చమని కోరడం తెలివైన పని.