షుగర్ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు బి12 ఎలా చూపించుకోవాలి

ముందు మీ షుగర్ బిళ్ళల స్ట్రిప్పు వెనక్కి తిప్పండి. సన్న అక్షరాల్లో మెట్‌ఫార్మిన్ అని ఉందా? రెండు మందులు కలిపిన బిళ్ళల్లోనూ చాలావాటిలో ఇది ఉంటుంది. పక్కనే 500 అనో 1000 అనో కనిపిస్తుంది. రోజుకి మొత్తం ఎంత పడుతోందో, ఎన్నేళ్ళుగా వాడుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. డోసు, ఏళ్ళు పెరిగేకొద్దీ ఒంట్లో బి12 అనే విటమిన్ తగ్గే అవకాశం పెరుగుతుంది. తిండిలోని బి12ని చిన్నపేగు చివరి భాగం పీల్చుకుంటుంది, ఆ పనికే మెట్‌ఫార్మిన్ అడ్డం పడుతుంది. కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు.

మందుల షాపులో కూర్చునే నాకు తరచూ వినబడే మాట: "అరికాళ్ళు ఒకటే తిమ్మిర్లు బాబూ, షుగరున్నాక మామూలేగా!" మామూలని వదిలేయకండి పిన్నిగారూ. షుగర్ తిమ్మిరీ, బి12 తగ్గిన తిమ్మిరీ ఒకేలా ఉంటాయి. రెండోదానికి మందుంది, కానీ ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. నీరసం, నాలుక మంట, మతిమరుపు, నడుస్తుంటే తూలడం కూడా ఉంటే అసలు ఆగొద్దు.

మూడు నెలల షుగర్ పరీక్ష రాసేటప్పుడే విటమిన్ బి12 కూడా రాయమని డాక్టర్‌గారిని అడగండి. రక్తం ఇచ్చేదాకా మాత్రం బీ కాంప్లెక్స్ జోలికి పోకండి, అంకె పెరిగి అసలు సంగతి దాగిపోతుంది. ఒట్టి ఫోలిక్ యాసిడ్ ఇంకా ప్రమాదం: రక్తహీనత సర్దుకున్నట్టే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

సాధారణంగా మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల లోపుంటే లోటే. 200, 300 మధ్యనుంటే అనుమానం, ఇంకో పరీక్ష రాయొచ్చు. గ్యాస్‌కని ఏళ్ళ తరబడి పాంటాప్రజోల్ వేసుకుంటుంటే అదీ చెప్పండి, దానివల్లా బి12 తగ్గుతుంది.

ఆకుకూరలు ఎన్ని తిన్నా బి12 రాదు. శాకాహారులకు పాలు, పెరుగే దిక్కు. తినేవాళ్ళకు గుడ్డు, చేప, మాంసం ఉన్నాయి. బాగా తగ్గిపోయాక తిండి ఒక్కటే చాలదు, ఇంజెక్షనో పెద్ద డోసు బిళ్ళో డాక్టర్‌గారు రాస్తారు. అంతేగానీ భయపడి మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు మానేయకండి. షుగర్ పెరిగితే ఆ నరాలకే మళ్ళీ దెబ్బ. బి12 వేసుకుంటూ అదే బిళ్ళ కొనసాగించేవాళ్ళు బోలెడుమంది. మళ్ళీ పరీక్ష ఎప్పుడో అదే కాగితం మీద రాయించుకుని రండి.