రోబో వాక్యూమ్ చక్రం పట్టేసినప్పుడు: సమస్య - పరిష్కారం

రోబో వాక్యూమ్ నాలుగడుగులు నడిచి ఆగిపోతున్నా, ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతున్నా, దేనికీ తగులుకోకుండానే చక్రాలు ఇరుక్కున్నాయని హెచ్చరిస్తున్నా, మోటారు కాలిపోయిందని తొందరపడకూడదు. ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు చాలు ఇవన్నీ జరగడానికి.

ఏ చక్రంలో లోపం ఉందో యంత్రం నడకే చెబుతుంది. ఎడమ చక్రం ఆగి కుడిది తిరుగుతుంటే అది ఎడమవైపుకే మళ్లుతూ ఉంటుంది. కుడిది ఆగితే కుడివైపుకు మళ్లుతుంది. స్విచ్ పూర్తిగా ఆపి, పైభాగానికి గీతలు పడకుండా మెత్తని గుడ్డ పరిచి, దానిమీద యంత్రాన్ని తలకిందులుగా పెట్టాలి. అలా పెట్టినప్పుడు ఎడమ, కుడి తారుమారవుతాయన్న సంగతి మరవకూడదు. బాగున్న చక్రాన్ని విప్పే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

తర్వాత రెండు చక్రాలనూ వేలితో తిప్పి పోల్చాలి. మోటారుకూ చక్రానికీ మధ్య గేర్లు ఉంటాయి కనుక బాగున్న చక్రం కూడా కొంత బిగువుగానే తిరుగుతుంది. అందుచేత బిగువు ఉన్నదా అని కాక, రెండింటి బిగువులో తేడా ఉన్నదా అని చూడాలి. తేడా ఉంటే, చక్రానికీ దాని గూటికీ మధ్యనున్న సందులోకి టార్చి వేసి చూడండి. పొడుగు వెంట్రుకలు, చీర అంచు దారాలు, కాళ్లు తుడుచుకునే పట్టా నుంచి ఊడిన కొబ్బరి పీచు ఇరుసు చుట్టూ తాడులా పేనుకుని కనిపిస్తాయి. వాటిని బలంగా లాగితే చుట్టు మరింత బిగుస్తుంది కాబట్టి, చిన్న కత్తెర మొనతో రెండు మూడు చోట్ల తెగ్గొట్టి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పుతూ పట్టకారుతో కొంచెం కొంచెంగా తీయాలి. టైరు గాట్లలోని మట్టిని పొడి టూత్‌బ్రష్‌తో రాల్చాలి. కొబ్బరినూనె గానీ కుట్టుమిషను నూనె గానీ దయచేసి వేయవద్దు. నూనెకు దుమ్ము అంటి ముద్దకట్టి, చక్రం మునుపటికన్నా గట్టిగా పట్టేస్తుంది.

రెండూ సమానంగా తిరుగుతున్నా హెచ్చరిక ఆగకపోతే, చక్రం పైకీ కిందికీ సరిగా కదులుతోందా అని చూడాలి. చక్రాలు స్ప్రింగుల ఆధారంతో ఉంటాయి. యంత్రాన్ని ఎత్తగానే అవి కిందికి జారతాయి, లోపలి చిన్న స్విచ్ అది గుర్తించి మోటార్లను ఆపేస్తుంది. గూటిలో ఇసుకరాయో, ముగ్గుపిండి గడ్డో ఇరుక్కుంటే నేలమీద ఉన్నా చక్రం పూర్తిగా లోపలికి వెళ్లదు, దాంతో యంత్రం తనను ఎవరో ఎత్తారనే భావిస్తుంది. గూటిని శుభ్రం చేసి, చక్రాన్ని పదిసార్లు నొక్కి వదలండి. ప్రతిసారీ తడబడకుండా చివరిదాకా తిరిగి రావాలి.

ముందున్న చిన్న చక్రం చాలా మోడళ్లలో లాగితే ఊడివస్తుంది. దాని ఇరుసునూ గుంటనూ కూడా తుడవండి.

ఇంత చేసినా చక్రం కదలకపోయినా, తిరిగేటప్పుడు టకటకమని పళ్లు జారుతున్న చప్పుడు వచ్చినా, గేరు అరిగిందనో మోటారు చెడిందనో భావించవచ్చు. వారంటీ ఉంటే స్క్రూలు విప్పకుండా సర్వీసు కేంద్రానికి ఇవ్వాలి. గడువు తీరిపోతే చక్రం, గేర్లు, మోటారు కలిసిన సెట్టునే మార్చుకోవడం మేలు. ఎడమవైపు సెట్టు సాధారణంగా కుడివైపుకు సరిపోదు గనుక, యంత్రం అడుగున ఉన్న మోడల్ నంబరుతోపాటు ఏ వైపుదో కూడా చెప్పి తెప్పించుకోవాలి.