ఆట ప్రాణిని గీయడం – 4వ పాఠం: కప్పా తలమీది నీళ్లు

గత మూడు పాఠాల్లో గళ్ల కాగితం మీద గీత, ఛాయ, నీడబొమ్మ అనే మూడు పనులను అభ్యాసం చేశాం. అప్పుడు గీసినవన్నీ రోజూ చూసే వస్తువులే కాబట్టి, చెంబు చెంబులా వచ్చిందో లేదో పక్కన చెంబు పెట్టుకుని సరిచూసుకునే వీలుండేది. ఈ పాఠంతో ఆ వెసులుబాటు పోతుంది. జానపద కథల్లో మాటగా మాత్రమే ఉన్న ప్రాణిని ఆటలో కదిలే బొమ్మగా మార్చడం ఇప్పటి పని. ఇందుకు జపాన్ నదుల్లో ఉంటుందని చెప్పుకొనే కప్పాను, ఆ కప్పా పోలికలు నిండా ఉన్న లాంబ్రే అనే పోకెమాన్‌ను (పోకెమాన్ అంటే అదే పేరున్న జపాన్ వీడియో ఆటల్లోని ప్రాణి) పక్కపక్కన పెట్టుకుందాం.

పేరు చూసి మన కప్పతో ముడిపెట్టకండి. జపనీస్‌లో కవా అంటే నది, వప్పా అంటే పిల్లవాడు. ఆ రెండూ కలిసి, నోళ్లలో నలిగి కప్పా అయ్యాయి. అయినా వేళ్ల మధ్య పొరలు, జిగట ఒళ్లు ఉన్న ప్రాణి కాబట్టి తెలుగు చెవికి కలిగే ఆ పొరపాటు పూర్తిగా పొరపాటని నేను అనను. కాళ్లు గీసేటప్పుడు నాకు అదే సాయపడింది.

కప్పా గురించి జపాన్‌లో ఒక్కో ప్రాంతం ఒక్కో తీరుగా చెబుతుంది. పేర్లు కూడా కవతారో, ఎన్‌కో అంటూ మారిపోతుంటాయి. ఎక్కువ కథల్లో కలిసే రూపం ఏమిటంటే, చిన్నపిల్లవాడంత ఎత్తు, వీపున తాబేటి చిప్ప, పక్షి ముక్కులాంటి నోరు, నడినెత్తిన నీళ్లు నిండిన పళ్లెం లాంటి గుంట. దోసకాయలంటే దానికి ప్రాణం. లోపల దోసకాయ పెట్టి చుట్టే సుషీకి కప్పామకి అనే పేరు అందుకే వచ్చింది. సుమో కుస్తీ పట్టమని దారినపోయేవారిని పిలుస్తుంది, నీళ్లు తాగడానికి వచ్చిన గుర్రాలను లోపలికి లాగబోతుంది, మనుషులను ముంచి చంపుతుంది, పట్టుబడితే విరిగిన ఎముకలు అతికించే వైద్యం నేర్పి విడిపించుకుంటుంది. రంగు విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. జానపద పరిశోధకుడు యనగిత కునియో 1910లో ప్రచురించిన తోనో ప్రాంతపు కథల్లో, ఇతర చోట్ల కప్పా ముఖం పచ్చగా ఉంటుందని అంటారు గాని తోనోలో అది ఎర్రగా ఉంటుందని రాసి ఉంది. కనుక రంగు దగ్గర మీకు స్వేచ్ఛ ఉంది. స్వేచ్ఛ లేని చోటు ఒకటి ఉంది, అక్కడికి వస్తున్నాను.

పైన చెప్పిన వాటినన్నిటినీ ఒకే బొమ్మలోకి ఎక్కించాలని కొత్తవారికి అనిపించడం సహజం. చిప్ప, ముక్కు, పళ్లెం, చేతిలో దోసకాయ, నడుముకు సుమో పట్టీ అన్నీ గీస్తే 16 గళ్ల వెడల్పులో ఏదీ కనిపించదు, సంతలో మూట విప్పినట్టు ఉంటుంది. అందుకని కథను ముందు రెండుగా విడగొట్టాలి: లక్షణాలు ఒకవైపు, నియమాలు ఒకవైపు. చిప్ప ఉండటం లక్షణం. ‘నీళ్లు ఒలికితే బలం పోతుంది’ అన్నది నియమం. వాక్యంలో ‘అయితే’, ‘జరిగితే’ అనే అర్థం వచ్చే చోటు ఉందా అని చూడండి; ఉంటే అది నియమం, ఆటకు అసలు కావలసింది అదే. కప్పా కథల్లో దీనికి చక్కని సందర్భం ఉంది. కప్పా మహా మర్యాదస్తురాలు. ఎదుటివాడు వంగి నమస్కరిస్తే తానూ వంగి తీరుతుంది, వంగగానే నెత్తిమీది నీళ్లు ఒలికిపోతాయి, దానితో ఒంట్లో సత్తువ జారిపోతుంది. బలవంతమైన శత్రువును మర్యాదతో ఓడించడమనే ఈ ఒక్క ముక్కలో పాత్ర స్వభావం, దాని బలం, దాని బలహీనత, ఆటగాడు చేయవలసిన పని అన్నీ ఇమిడి ఉన్నాయి.

ఇదే నియమాన్ని ఆటవారు ఎలా వాడుకున్నారో చూద్దాం. 2002 నవంబరులో జపాన్‌లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి ఆట యంత్రానికి వచ్చిన పోకెమాన్ రూబీ, సఫైర్ ఆటల్లో లోటాడ్, లాంబ్రే, లుడికోలో అనే, ఒకటి ఎదిగి మరొకటయ్యే మూడు దశల కుటుంబం ఉంది. అరమీటరు ఎత్తుండే లోటాడ్ నెత్తిమీద పళ్లెం లేదు, తామర జాతి ఆకు ఉంది. నీళ్లు చాలాకాలం తాగకపోతే ఆ ఆకు వాడిపోతుందనీ, ఆకు చస్తే ప్రాణి నీరసిస్తుందనీ ఆటలోని వివరణలు చెబుతాయి. అంటే వస్తువు మారింది గాని నియమం చెక్కుచెదరలేదు. ఈ మార్పిడి ఎందుకు మేలైనదో గీసేవారి కళ్లతో ఆలోచించండి. పళ్లెం మట్టిదైనా ఎముకదైనా నీళ్లు పోయినప్పుడు దాని ఆకారం మారదు, లోపల ఖాళీ అయిందని దగ్గరికి వచ్చి చూస్తే గాని తెలియదు. ఆకు అలా కాదు. అంచులు వాలిపోతాయి, రంగు తిరుగుతుంది, ప్రాణి పరిస్థితి దూరం నుంచే అర్థమవుతుంది. పైగా చెరువులో ఉండే ప్రాణికి ఆకు పరాయి వస్తువు కాదు, పళ్లెం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నే పుట్టదు.

ఆకుతో పాత పళ్లెం పూర్తిగా మాయమైందని అనుకోకండి. ఈ కుటుంబానికి ఉండగల సహజశక్తుల్లో ఒకదాని పేరు రెయిన్ డిష్. జపనీస్‌లో దానిని అమే ఉకేజరా అంటారు, అంటే వాన పట్టే పళ్లెం. చివరనున్న జరా, కప్పా తలమీది గుంటకు వాడే సరా ఒకే మాట. పోరాటంలో వాన కురుస్తున్నంతసేపు ప్రతి చుట్టు చివరా మొత్తం ప్రాణబలంలో 16వ వంతు తిరిగి వస్తుంది. ఒలికితే బలం పోతుందన్న కథను తిరగేసి, నిండితే బలం వస్తుందని లెక్క కట్టారు. నాకు ఈ కుటుంబంలో అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే, ఇందులో గీత ఒక్కటి కూడా లేకపోయినా.

రెండో దశ అయిన లాంబ్రే ఎత్తు 1.2 మీటర్లు. చీకటి పడ్డాక తిరుగుతుంది, చేపలు పట్టేవారి గాలపు తాళ్లను నీటి అడుగు నుంచి లాగి వారి కంగారు చూసి ఆనందిస్తుంది, ఒళ్లంతా జిగటగా ఉంటుంది, తరచుగా దాన్ని మనిషి పిల్లగా పొరబడుతుంటారు. ఈ చివరి మాట చదవగానే నది పిల్లవాడు అనే అసలు పేరు గుర్తుకు రావాలి. గాలపు తాడు సంగతిలో ఇంకో పాఠం ఉంది. కథలో కప్పా గుర్రాన్ని నీళ్లలోకి లాగేది, ఇక్కడ తాడును లాగుతోంది; నీటి అడుగు నుంచి లాగడమనే పని అలాగే ఉండి, చావు మాత్రం తప్పుకుంది. పిల్లలు ఆడే ఆటకు ఒక భయంకరమైన పాత్రను తెచ్చేటప్పుడు దాని కోరలు పీకేయనక్కరలేదు, అది చేసే పనిని ఉంచి ఫలితాన్ని చిన్నది చేస్తే చాలు.

మూడో దశ లుడికోలో సంగీతం వినబడగానే నాట్యం మొదలుపెడుతుంది. సరదా పాత్రే గాని, కప్పా దానిలో దాదాపు కరిగిపోయింది, మన పాఠానికి అది అక్కరలేదు.

ఇక కాగితం తీయండి. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో పోరాటపు బొమ్మకు 64 గళ్ల వెడల్పు, 64 గళ్ల ఎత్తు, పారదర్శకాన్ని కలుపుకొని 16 రంగులు ఉండేవి. మనం 16 గళ్ల చదరంతో, నాలుగు ఛాయలతో సరిపెట్టుకుందాం. లెక్కల నోటుపుస్తకంలో గళ్ల పేజీ చాలు. వరుసలను పైనుంచి కిందికి, నిలువు గళ్లను ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టండి. మొదటి వరుస ఖాళీగా వదలండి. రెండో వరుసలో 4 నుంచి 13 దాకా పది గళ్లు నీళ్లు, వాటికి అన్నిటికన్నా లేత ఛాయ. ఇటూ అటూ 3, 14 గళ్లు ముదురు. మూడో వరుసలో 2 నుంచి 15 దాకా పళ్లెం అంచు, అదీ ముదురే. నాలుగు నుంచి ఎనిమిదో వరుస దాకా 4–13 గళ్లలో తల, దానికి మధ్యముదురు ఛాయ. ఆరో వరుసలో 6, 11 గళ్లు కళ్లు. ఏడో వరుసలో 7–10, ఎనిమిదో వరుసలో 8–9 గళ్లు ముక్కు. తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా 5–12 గళ్లలో ఒళ్లు, 10–13 వరుసల్లో 4, 13 గళ్లు ముదురు చేస్తే వెనకనున్న చిప్ప అంచు తొంగిచూస్తుంది. చివరి రెండు వరుసల్లో 4–6, 11–13 గళ్లు పాదాలు. తల దాదాపు ఒంటికి సమానంగా ఉంది కాబట్టే ఇది పిల్లవాడిలా కనిపిస్తుంది, ఒంటిని పొడిగించకండి.

పళ్లెం అంచు తలకన్నా చెరోవైపు రెండేసి గళ్లు ముందుకు రావడం ముఖ్యం. మొదటిసారి నేను అంచును ఒక్కో గడి మాత్రమే పొడిగించి, ఎంతో సంతోషంగా నీడబొమ్మ పరీక్ష పెట్టాను. మొత్తం నల్లగా నింపి చేయి చాచి దూరంగా పట్టుకుంటే, గిన్నె బోర్లించి జుట్టు కత్తిరించిన పిల్లవాడు కనిపించాడు గాని కప్పా కనిపించలేదు. తమాషా ఏమిటంటే జపాన్‌లో ఆ క్రాఫును నిజంగానే ఒకప్ప అంటారు, ఆ పేరు కప్పా నుంచే వచ్చింది. పేరు కుదిరినా బొమ్మ కుదరలేదు కాబట్టి చెరిపి మళ్లీ గీశాను. లాంబ్రే తలమీది ఆకు ఎందుకు అంత వెడల్పాటి టోపీలా ఉందో ఆ చెరిపిన రోజున అర్థమైంది. దాని జపనీస్ పేరు హసుబురేరోలో హసు అంటే తామర, మిగతాది సోంబ్రెరో టోపీ.

ఇప్పుడు నియమాన్ని గీయాలి. రెండో బొమ్మలో పళ్లెం, తల కలిపి ఒక వరుస కిందికి దించండి. ఒంటి పై వరుస తల వెనక్కి పోతుంది, ప్రాణి వంగినట్టు ఉంటుంది. నీళ్ల గళ్లలో 7–10 మాత్రం ఉంచి మిగతావి ముదురు చేయండి. ఏడో వరుసలో 2వ గడి, పదో వరుసలో 15వ గడి లేత ఛాయతో నింపితే అవి ఒలికిన చుక్కలు. రెండు చుక్కలనూ ఒకే ఎత్తులో పెట్టకండి, చెవిపోగుల్లా కనిపిస్తాయి. మూడో బొమ్మలో తల మళ్లీ పైకి వస్తుంది, నీళ్లు ఒక్క గడి కూడా ఉండవు. తలకూ ఒంటికీ వేసిన మధ్యముదురు ఛాయ అంతా మధ్యలేతగా మారుతుంది. కంప్యూటర్‌లో అయితే ఈ మార్పుకు ఏదీ తిరిగి గీయనక్కరలేదు, రంగుల పట్టికలో ఒక అంకె మారిస్తే ఒళ్లంతా ఒకేసారి పాలిపోతుంది. కాగితం మీద ఓపిక పట్టవలసిందే.

మూడు బొమ్మలనూ వరుసగా పెట్టి, కప్పా కథ తెలియని ఇంట్లోవారికి ఎవరికైనా చూపించండి. ‘వంగింది, ఏదో ఒలికింది, నీరసపడింది’ అని వారంతట వారు అంటే మీ పని అయినట్టే. ‘ఏడుస్తోంది’ అంటే చుక్కలు కళ్లకు దగ్గరగా పడ్డాయన్నమాట. వాటిని ఒక్కో గడి బయటికి జరపండి.

వచ్చే పాఠానికి తెంగూను తీసుకుంటాం. ఎర్రటి ముఖం, పొడవాటి ముక్కు, చేతిలో ఈకల విసనకర్ర, కాళ్లకు ఎత్తైన చెక్కపాదుకలు ఉండే ఈ కొండ ప్రాణి పోలికలు షిఫ్ట్రీ అనే పోకెమాన్‌లో ఉన్నాయి. షిఫ్ట్రీ తొలిదశ సీడాట్ రూబీ ఆటలో దొరికితే, లోటాడ్ సఫైర్‌లో దొరుకుతుంది. ఏటి ప్రాణిని, కొండ ప్రాణిని చెరో ఆటకు పంచారు. ఈలోగా పైన చెప్పిన నాలుగు తెంగూ వివరాల్లో ఏది లక్షణం, ఏది నియమంగా మారగలదు అన్నది రాసిపెట్టుకోండి. ముక్కు, విసనకర్ర రెండూ 16 గళ్లలో పట్టవు. ఏది వదులుకోవాలో కూడా తేల్చుకుని రండి.