రికార్డర్‌లో 'మ' ఒక్కటే తప్పుతోందా? ముందు రంధ్రాలు చూడండి

సమస్య: రికార్డర్ అంటే నిలువుగా పట్టుకుని ఊదే వేణువు, దాని మీద స రి గ బాగానే వస్తాయి, ప ద కూడా బాగానే వస్తాయి, మధ్యలో 'మ' మాత్రం అపస్వరం.

ఎండాకాలం సెలవుల్లో నల్లగొండలో మా డాబా మీద అక్క కొడుకుకి నేర్పుతుంటే ఇదే ఎదురైంది. మోహన రాగం వాయించినన్ని రోజులు తేడా తెలియలేదు, అందులో మధ్యమమే, అంటే 'మ'యే, లేదు కదా. శంకరాభరణంలోకి రాగానే "మామా, నీ మ, నా మ కలుస్తలేవు" అన్నాడు. వాడి ఊదుడులోనే తప్పుందనుకుని రెండు రోజులు సతాయించాను, తర్వాత రెండు రికార్డర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు రంధ్రాలే వేరు!

కారణం: వేళ్ల పద్ధతులు రెండు, బరోక్, జర్మన్. ముందువైపు పైనుంచి లెక్కపెట్టండి. నాలుగో రంధ్రం ఐదోదానికంటే చిన్నగా ఉంటే బరోక్, ఐదోది చిన్నగా ఉంటే జర్మన్. మధ్యమం సులువుగా పలకాలని 1920ల్లో జర్మనీలో పీటర్ హార్లాన్ ఈ రెండోది తెచ్చాడు. ఒకదాని వేళ్ల చార్టు (ఏ స్వరానికి ఏ రంధ్రాలు మూయాలో చూపే బొమ్మ) చూసి ఇంకోటి వాయిస్తే 'మ' తప్పక తప్పుతుంది.

పరిష్కారం: సోప్రానో (పిల్లలు మామూలుగా వాయించే చిన్న సైజు) రికార్డర్‌లో అన్నీ మూస్తే వచ్చే పాశ్చాత్య స్వరం 'సి'ని స అనుకుందాం. జర్మన్‌లో 'మ'కి బొటనవేలు, ఎడమచేతి మూడు వేళ్లు, కుడి చూపుడు వేలు మూస్తే చాలు. బరోక్‌లో అంతవరకే మూస్తే శ్రుతి పైకి పోతుంది, అందుకే కుడి ఉంగరం వేలు, చిటికెన వేలు కూడా మూయాలి, మధ్యవేలు ఒక్కటే లేచి ఉండాలి. మొదట్లో మధ్యవేలితో పాటు ఉంగరం వేలు కూడా లేస్తుంది, ఊదకుండా వేళ్లతోనే రోజూ కాసేపు గ-మ, గ-మ చేయిస్తే దారికొస్తుంది.

ఇంకా కొనకపోతే బరోకే కొనండి. కల్యాణి రాగం మొదలుపెట్టినప్పుడు ప్రతిమధ్యమం (శంకరాభరణం 'మ' కంటే కొంచెం పైనుండే 'మ') జర్మన్‌లో చాలా సతాయిస్తుంది, శ్రుతి నిలవదు. బరోక్‌లో కుడి చూపుడు వేలు, చిటికెన వేలు లేపి, మధ్యవేలు, ఉంగరం వేలు మూస్తే శుభ్రంగా పలుకుతుంది.

కింది స కీచుమంటోందా? పద్ధతితో సంబంధం లేదు, ఎక్కడో గాలి పోతోంది. మెల్లగా ఊది, వేళ్లు తీసి కొసలు చూడండి, గుండ్రటి అచ్చు సగమే పడిన వేలే సరిగ్గా మూయడం లేదు. అది చిటికెన వేలైతే అడుగు ముక్కను కొంచెం దాని వైపు తిప్పండి.