కొత్త కైట్‌ను వేర్వేరు గాలుల్లో ఎలా పరీక్షించాలి?

కైట్ సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీటిపై జారే ఆట) కోసం కొత్త కైట్ కొంటే దానితో పాటు ఒక గాలి పట్టిక వస్తుంది. ఈ సైజు కైట్ ఇన్ని నాట్ల (గాలి వేగానికి కొలత) నుంచి ఇన్ని నాట్ల దాకా పనిచేస్తుందని అందులో ఉంటుంది. ఆ అంకెలు తప్పని కాదు. సాధారణంగా 75 కిలోలకు అటూ ఇటూగా బరువుండి, చేయి తిరిగిన రైడర్‌ను దృష్టిలో పెట్టుకుని వేసినవి అవి. మీరు 60 కిలోలున్నా, 95 కిలోలున్నా, మీ బోర్డు చిన్నదైనా పెద్దదైనా లెక్క మారిపోతుంది. అందుకే మీ పట్టిక మీరే తయారు చేసుకోవాలి. దానికి మూడు అంకెలు చాలు: ఎంత గాలి ఉంటే బయల్దేరిన చోటికే తిరిగి రాగలరు, ఎంత గాలిలో హాయిగా ఉంటుంది, ఎంత గాలి దాకా కైట్‌ను క్షేమంగా ఒడ్డున దించగలరు.

ఇదంతా ఇప్పటికే ఎదురుగాలి వైపు వెళ్లడం, నీళ్లలో పడ్డ కైట్‌ను మళ్లీ లేపడం, కైట్ పనిచేయకపోతే సొంతంగా ఒడ్డుకు చేరడం వచ్చిన వాళ్లకు. ఇంకా నేర్చుకుంటున్న వాళ్లు కొత్త కైట్‌ను శిక్షకుడి సమక్షంలోనే ఎగరేయాలి.

1. గాలిని అంకెల్లో రాసుకోండి

"ఈరోజు బాగా వీస్తోంది" అనే మాటతో పరీక్ష సాగదు. చేత్తో పట్టుకునే చిన్న అనిమోమీటర్ (గాలి వేగం కొలిచే మీటర్) ఉంటే చాలు. చెట్లకూ కట్టడాలకూ దూరంగా, నీటి అంచున నిలబడి, దాన్ని తల కంటే ఎత్తుగా గాలికి ఎదురుగా పట్టుకోండి. కనీసం ఐదు నిమిషాలు చూసి మూడు అంకెలు రాసుకోండి: కనిష్ఠం, సగటు, విసురు. ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు. వాతావరణ కేంద్రాలు మామూలుగా 10 మీటర్ల ఎత్తులో కొలుస్తాయి కాబట్టి వాటి అంకె మీ చేతిలోని అంకె కంటే ఎక్కువగా ఉంటుంది. ఏదో ఒక్కటే నమ్ముకోండి. ఒకరోజు యాప్, మరోరోజు మీటర్ చూస్తే మీ నోట్స్ ఎందుకూ పనికిరావు.

మీటర్ లేకపోతే సముద్రమే కొంత చెబుతుంది. సముద్రం తీరును బట్టి గాలిని అంచనా వేసే బోఫర్ట్ స్కేల్ ప్రకారం 7 నుంచి 10 నాట్లలో అలల మీద అక్కడక్కడా తెల్ల నురగ మొదలవుతుంది. 11 నుంచి 16లో అది తరచుగా కనిపిస్తుంది. 17 నుంచి 21లో ఎటు చూసినా నురగే. 22 దాటితే పెద్ద అలలు లేస్తాయి, తుంపర ఎగురుతుంది.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. కైట్ లాగే బలం గాలి వేగానికి వర్గంగా పెరుగుతుంది. 12 నాట్ల గాలి 15కు పెరిగితే చూడ్డానికి మూడే నాట్లు, కానీ లాగుడు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 24కు చేరితే నాలుగు రెట్లు. కాబట్టి కింది గాలుల్లో మూడు నాలుగు నాట్ల తేడాతో పరీక్షించినా ఫర్వాలేదు, పైకి వెళ్లేకొద్దీ ఒక్కో అడుగూ చిన్నదిగా ఉండాలి. చలినీ లెక్కలోకి తీసుకోండి: సున్నా డిగ్రీల గాలి 30 డిగ్రీల గాలి కంటే దాదాపు పదో వంతు ఎక్కువ చిక్కగా ఉంటుంది, అదే మీటర్ అంకెకు గట్టిగా లాగుతుంది.

2. ఎగరేసే ముందు ఒడ్డున చూడాల్సినవి

కైట్‌ను దాని మీద ముద్రించిన ప్రెషర్ దాకా గాలి కొట్టండి. తక్కువ కొడితే ఎక్కువ గాలిలో ముందు గొట్టం (కైట్ ముందు అంచున గాలి నింపే గొట్టం) వంగిపోతుంది, తప్పు కైట్ డిజైన్‌దని మీరు అనుకుంటారు. గంటసేపు అలాగే ఉంచి మళ్లీ నొక్కి చూస్తే మెల్లగా గాలి పోయే లీకులుంటే బయటపడతాయి. కైట్ ఎండలో ఉంటే లోపలి గాలి వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి ఈ పని నీడలో చేయడం మేలు.

తర్వాత లైన్లు, అంటే కైట్‌ను బార్‌కు (మీరు చేత్తో పట్టుకుని కైట్‌ను నడిపే కడ్డీకి) కలిపే నాలుగు తాళ్లు: మధ్యలోవి రెండు ముందు లైన్లు, బార్ కొసలకు ఉన్నవి రెండు వెనక లైన్లు. నాలుగింటి కొసలనూ ఒకే మేకుకు తగిలించి, బార్‌ను వెనక్కి లాగి, పొడవులు సమానంగా ఉన్నాయో లేదో చూడండి. ఈ కొలతను తేలిగ్గా తీసుకోవద్దు, దీని అవసరం చివర్లో మళ్లీ వస్తుంది.

ఇక క్విక్ రిలీజ్, అంటే ప్రమాదంలో కైట్ లాగుడును వెంటనే తెంచేసే మీట. కొత్త బండి ఎక్కగానే సందులోనే ఒకసారి బ్రేకు నొక్కి చూసినట్టు, దీన్ని కూడా ముందే చూసుకోవాలి. హార్నెస్‌కు (నడుముకు కట్టుకునే పట్టీకి) తగిలించి, లైన్లను స్నేహితుడితో గట్టిగా లాగించి, ఆ బరువు మీదే రిలీజ్ చేయండి. మళ్లీ అమర్చడం కళ్లు మూసుకుని చేయగలిగేంత అలవాటు కావాలి. కైట్‌ల రిలీజ్ వ్యవస్థకు ఐఎస్‌ఓ 21853 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మీ బార్ దానికి సరిపోతుందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి.

3. మొదటి రోజు మధ్యస్థ గాలి

పట్టికలో ఉన్న పరిధికి నడిమి గాలి ఎంచుకోండి. 12 చదరపు మీటర్ల కైట్‌కు, సగటు బరువున్న మనిషికి అది 15 నుంచి 18 నాట్ల మధ్య ఉంటుంది. గాలి ఒడ్డుకు సమాంతరంగానో, కొంచెం ఒడ్డు వైపుకో వీయాలి. నేల మీది నుంచి సముద్రంలోకి వీచే గాలిలో ఏ పరీక్షా వద్దు. మీకు గాలివాటున కనీసం రెండు లైన్ల పొడవు, అంటే 50 మీటర్ల దాకా, మనుషులూ రాళ్లూ లేని ఖాళీ ఉండాలి.

బోర్డు, హార్నెస్, చోటు అన్నీ మీకు పాతవే ఉండాలి. మారింది కైట్ ఒక్కటే అయితేనే తేడా ఎక్కడిదో తెలుస్తుంది. చాలామంది కొత్త కైట్‌తో పాటు కొత్త బోర్డు కూడా తీసుకొస్తారు. ఆ రోజు సరదాగా గడుస్తుంది కానీ కైట్ గురించి ఏమీ తెలియదు.

ముందు నడుము లోతు నీళ్లలో, బోర్డు లేకుండా, కైట్‌ను నెత్తి మీద నిలపండి. దాన్ని వదిలేసినట్టు చూస్తూ ఉండండి. అది అక్కడే నిలుస్తోందా, మీ తల దాటి వెనక్కి పోయి ముందుకు కూలబోతోందా? ఇప్పుడు బార్‌ను పూర్తిగా దగ్గరకు లాగి కొన్ని సెకన్లు పట్టుకోండి. కైట్ వెనక్కి జారుతూ కిందికి వస్తుంటే వెనక లైన్లు మరీ బిగుతుగా ఉన్నట్టు. బార్‌ను పూర్తిగా వదిలినప్పుడు (మీ నుంచి దూరంగా పోనిచ్చినప్పుడు) వెనక లైన్లు కొంచెం వేలాడాలి. బిగుతు అనిపిస్తే వెనక లైన్లను కైట్‌కు తగిలించే ముడిని ఒక మెట్టు పొడవు వైపు మార్చండి. ఒక్క మెట్టే మార్చి మళ్లీ చూడండి.

తర్వాత గడియారంలో 10 గంటల స్థానం నుంచి 2 గంటల స్థానానికి, మళ్లీ వెనక్కి తిప్పండి. బార్ ఎంత బరువుగా ఉంది, చేయి కదిపాక కైట్ ఎంతసేపటికి స్పందిస్తోంది, మలుపు మధ్యలో లాగుడు పెరుగుతోందా అనేవి గమనించండి. బార్‌ను అంగుళం అంగుళంగా దగ్గరకు తెస్తూ బలం ఎక్కడ మొదలై ఎక్కడ నిండుతోందో చూడండి. కొన్ని కైట్‌లలో బలమంతా బార్ ప్రయాణంలో చివరి కొద్ది భాగంలోనే వస్తుంది, కొన్నింటిలో మొదటి నుంచీ సమంగా పంచుకుని ఉంటుంది. నా మటుకు నాకు రెండోదే మంచి కైట్. మొదటి రకం విన్యాసాలకు నచ్చవచ్చు, కానీ విసురు గాలిలో చేతులు అలసిపోతాయి.

అదే లోతులో కైట్‌ను కావాలని నీళ్లలో పడేసి లేపండి, ఒకసారి రిలీజ్ కూడా చేయండి. కైట్ ఒకే ముందు లైన్ మీద వేలాడుతూ బలమంతా కోల్పోయి నీటి మీద పరుచుకోవాలి. ఇంకా లాగుతూనే ఉంటే ఎక్కడో లైన్ చిక్కుకుంది. అది సరిచేసేదాకా ముందుకు వెళ్లొద్దు.

ఇప్పుడు బోర్డు ఎక్కండి. ఒడ్డున కనిపించే ఒక గుర్తు పెట్టుకుని, అటూ ఇటూ నాలుగైదు మార్లు తిరిగి, ఆ గుర్తు కంటే ఎదురుగాలి వైపు ఎంత పైకి చేరారో చూడండి. మీ పాత కైట్ అదే సైజుదైతే వెంటనే దాన్ని ఎగరేసి పోల్చడం అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష.

4. తక్కువ గాలిలో

ఈ కైట్ 9 నాట్లలోనే నన్ను లేపిందని చెప్పేవాళ్లు ప్రతి తీరంలోనూ ఉంటారు. లేపడం వేరు, తిరిగి తీసుకురావడం వేరు. కైట్‌ను గట్టిగా కిందికి తిప్పితే ఒక్క క్షణం బలం పుట్టి బోర్డు మీద నిలబడిపోతారు. ఆ తర్వాత గాలివాటున కొట్టుకుపోతూ, చివరికి తడిసిన కైట్‌ను మోసుకుంటూ ఒడ్డు వెంట నడవాలి. కింది అంకె అంటే దిగిన చోటికే తిరిగి రాగలిగిన గాలి, అంతే.

మధ్యస్థ గాలిలో పరీక్ష ముగిశాక, అంతకంటే రెండు మూడు నాట్లు తక్కువున్న రోజు చూసుకుని మొదలుపెట్టండి. కైట్‌ను ఒకేచోట నిలిపి వెళ్లగలుగుతున్నారా, లేక ఆగకుండా పైకీ కిందికీ తిప్పుతూ ఉండాలా అనేది రాసుకోండి. ఆగకుండా తిప్పాల్సి వస్తే మీరు కింది అంచుకు దగ్గరలో ఉన్నారు.

బలం లేదు కదా అని బార్‌ను ఛాతీకి ఆనించి పట్టుకోవడం ఇక్కడ అందరికీ ఉండే అలవాటు. దానివల్ల కైట్ స్తంభించి వెనక్కి జారుతుంది. బార్‌ను కొంచెం వదిలి, కైట్‌కు వేగం పుట్టనిచ్చి, అప్పుడు మెల్లగా లాగండి.

అసలైన పరీక్ష మళ్లీ లేపడం. కాలు అందే లోతులోనే కైట్‌ను నీళ్ల మీద దించి, ఒక వెనక లైన్ లాగి పట్టుకోండి. కైట్ మెల్లగా ఒక పక్కకు దొర్లుతూ గాలి కిటికీ (మీ ముందు కైట్ ఎగరగలిగే మేర) అంచుకు చేరి లేవాలి. అలా లేవకపోతే రెండు వెనక లైన్లూ కలిపి లాగి వెనక్కి లేపి చూడండి. రెండు దారులూ పనిచేయకపోతే ఆ గాలిలో మీరు బోర్డు మీద హాయిగా వెళ్లగలిగినా సరే, లోతుకు వెళ్లకూడదు. మీ కింది అంకెను దానికంటే పైనే పెట్టుకోండి. పెద్ద బోర్డో, హైడ్రోఫాయిలో (బోర్డును నీటి పైకి లేపే, అడుగున ఉండే రెక్క) వాడితే ఈ అంకె కొన్ని నాట్లు దిగుతుంది, కనుక ఏ బోర్డుతో వచ్చిందో పక్కనే రాయండి.

5. ఎక్కువ గాలిలో

ఇక్కడ టెన్షన్ పడటం మంచిదే. ఒంటరిగా చేయొద్దు. కైట్‌ను దించడానికి ఒడ్డున తెలిసిన మనిషి ఉండాలి. ఎక్కడ ఆపేయాలో నీళ్లలోకి దిగకముందే నిర్ణయించుకోండి. దిగాక ఉత్సాహం ఆ మాట వినదు. అదే రోజు పక్కవాడు 9 చదరపు మీటర్ల కైట్ వేస్తున్నాడంటే మీరు 12తో దిగడంలో అర్థం లేదు, వాడు మీకంటే బరువున్నవాడైతే మరీనూ.

డీపవర్ పట్టీని (కైట్ లాగే బలాన్ని తగ్గించే పట్టీని) బాగా లాగి, కైట్‌ను నీటి వైపు ఉంచి లాంచ్ చేయండి. నెత్తి మీదికి తీసుకురాకుండా పక్కనే తక్కువ ఎత్తులో ఉంచి ఒడ్డుకు దూరం జరగండి. నెత్తి మీద ఉన్నప్పుడు విసురు వస్తే అది మిమ్మల్ని నేల మీద నుంచి ఎత్తేస్తుంది.

నీళ్లలో నాలుగు విషయాలు చూడాలి. ముందు గొట్టం వణుకుతోందా, మధ్యలో మడత పడుతోందా? కైట్ గాలి కిటికీ అంచున కుదురుగా నిలుస్తోందా, లేక అటూ ఇటూ గెంతుతోందా? బార్ బరువెక్కి చేతులు నొప్పెడుతున్నాయా? అన్నిటికంటే ముఖ్యం, బార్ పూర్తిగా వదిలినప్పుడు లాగుడు నిజంగా తగ్గుతోందా? వెనక అంచు టపటపలాడటం ఒక్కటే అయితే కంగారు పడనక్కర్లేదు, అది చాలా కైట్‌లలో ఉండేదే.

డీపవర్ పట్టీ మొత్తం లాగేశాక కూడా బార్‌ను చేతులు చాచినంత దూరంలోనే ఉంచాల్సి వస్తోందంటే అదే పై అంచు. వెంటనే ఒడ్డుకు వచ్చేయండి. ఇంకా పట్టుకోగలుగుతున్నాను కదా అనేది ఇక్కడ కొలత కాదు. దించేటప్పుడు మీ బలమూ, సాయం చేసేవాడి ఓపికా రెండూ సరిపోవాలి. పై అంకెను మీరు చేరిన గరిష్ఠం కంటే రెండు నాట్లు తక్కువగా రాసుకోవడం నా పద్ధతి.

6. విసురు గాలి

సగటు 18 ఉండి విసురు 28 దాకా పోతుంటే ఆ రోజు కొత్త కైట్‌ను కొలవొద్దు. వచ్చిన అంకెలు కైట్‌వా, గాలివా తేలదు. విసురుకూ సగటుకూ తేడా ఐదారు నాట్లుంటే మాత్రం అది పనికొచ్చే రోజే. విసురు తగిలినప్పుడు కైట్ కొంచెం ముందుకు జరిగి దెబ్బను మింగుతోందా, ఉన్నచోటే ఉండి మిమ్మల్ని లాగేస్తోందా చూడండి. గాలి ఒక్కసారిగా పడిపోయినప్పుడు రాలిపోతోందా అన్నది కూడా. ఉరుముల మబ్బు కనిపిస్తే కైట్ దించి గాలి తీసేయండి, పరీక్ష ఏదైనా సరే.

7. రాసుకోవడం, మళ్లీ చూడటం

ప్రతిసారీ నీళ్లలోంచి రాగానే రాయండి: మూడు గాలి అంకెలు, ఉష్ణోగ్రత, బోర్డు, పట్టీ ఎంత లాగారు, ముడి ఏ మెట్టు మీద ఉంది, ఒక వాక్యంలో అనుభవం. సాయంత్రానికి వాయిదా వేస్తే గాలి అంకె కూడా గుర్తుండదు.

కొన్ని వారాలు వాడాక బార్ లైన్లను మళ్లీ ఒకే మేకుకు తగిలించి కొలవండి. కొత్త లైన్లు సాగుతాయి, ఎక్కువ బరువు మోసేవి ముందు లైన్లు కాబట్టి అవే ఎక్కువ సాగుతాయి. అప్పుడు వెనక లైన్లు పొట్టివైనట్టే లెక్క, తక్కువ గాలిలో కైట్ వెనక్కి జారడం మొదలవుతుంది. కైట్ పాడైందని చాలామంది అమ్మకానికి పెట్టేది ఈ దశలోనే. ముడి ఒక మెట్టు సరిచేసి, తక్కువ గాలి పరీక్ష ఒక్కటి మళ్లీ చేసి, మీ పట్టికలో కింది అంకె పక్కన కొత్త తేదీ వేసుకోండి.